ఆదర్శ సంతృప్త వీధి

ప్రజల గోడు వినడానికి ప్రజలు ఎదురుగా ఉండాల్సిన అవసరం లేదనీ, ఉంటే పనికి అడ్డం కూడాననీ నీటి సరఫరా మండలి ఒక శుభోదయాన కనిపెట్టింది. ఇంత గొప్ప విషయం ఇన్నేళ్లూ ఎవరికీ తట్టకపోవడం మానవజాతి దురదృష్టం. అంతకు ముందు మండలి కార్యాలయం కింది అంతస్తులో ఒక కిటికీ ఉండేది. కిటికీ అవతల జనం, ఇవతల ఫిర్యాదుల గుమస్తా. జనం వచ్చి నీళ్లు రావడం లేదని చెప్పేవారు. గుమస్తా రాసుకునేది. వాల్వు ఆపరేటరుకు చెప్పేది. అతను వెళ్లి వాల్వు తిప్పేవాడు. నీళ్లు వచ్చేవి. మధ్యలో ఒక్క నివేదిక గానీ ఒక్క గ్రాఫు గానీ లేని ఇంత అనాగరికమైన పద్ధతిలో ఆ ఊరు ఎలా బతికి బట్టకట్టిందో పెద్దసారుకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

పెద్దసారు అంటే మండలి అధిపతి. ఆయన ఏదో సదస్సుకు వెళ్లి రెండు కొనుగోళ్లతో తిరిగొచ్చారు. మొదటిది సోషల్ మీడియాను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరు. మండలి గురించి ఎవరు ఏం పోస్టు చేసినా చదివి, ఆ మనిషి తృప్తిగా ఉన్నాడా కోపంగా ఉన్నాడా అని మార్కులు వేస్తుంది. రెండోది ఏఐ అసిస్టెంటు. ఏం అడిగినా విసుక్కోకుండా చక్కటి తెలుగులో జవాబు చెబుతుంది. (విసుక్కోకుండా అనేసరికి, ఇది మన శాఖకు పనికొస్తుందా అని పాత సిబ్బంది అనుమానపడ్డారు.) మొదటిదానికి అన్నీ తెలుసు గానీ మాట్లాడలేదు. రెండోది బ్రహ్మాండంగా మాట్లాడుతుంది గానీ ఊరి సంగతి ఒక్క ముక్క తెలియదు. మండలి ఉద్యోగులు కూడా ఎప్పట్నుంచో ఇలాగే రెండు రకాలుగా ఉన్నారు కాబట్టి అది ఎవరికీ వింతగా అనిపించలేదు. పెద్దసారు మాత్రం రెండింటినీ కలపాల్సిందేనన్నారు.

అసిస్టెంటుకు ఏసీ ఉన్న గది ఇచ్చారు. ఫిర్యాదుల విభాగానికి పంకా కూడా సరిగ్గా తిరగని రోజుల్లో ఒక్క కంప్యూటరుకు అంత గది ఇవ్వడంతో, వచ్చిన వారానికే దానికి ఆఫీసులో పేరు పడిపోయింది, అల్లుడుగారు అని. ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ వెళ్లరు. అక్కడ ఎవరూ గొంతు పెంచరు. పొద్దున్నే అల్లుడుగారు ఏమన్నారో తెలుసుకోవడానికి అధికారులంతా గుమ్మం దగ్గర తచ్చాడుతుంటారు. ఇంతకీ ఆయన ఏం పని చేస్తారని అడగడం మాత్రం మర్యాద కాదు.

కలపడానికి ఒక తాళంచెవి కావాలన్నాడు కంప్యూటరు ఇంజనీరు. అక్షరాలూ అంకెలూ కలగలిపిన పొడుగాటి మాట అది. దాన్ని అసిస్టెంటుకు ఇస్తేనే సాఫ్ట్‌వేరు తలుపు తీస్తుంది. నిబంధనల ప్రకారం మండలి తాళంచెవులన్నీ స్టోర్‌కీపరు అధీనంలో ఉండాలి. ఆయన ఆ మాటను ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, చిల్లు పెట్టించి, జనరేటరు గది తాళంచెవికీ మరుగుదొడ్డి తాళంచెవికీ మధ్య మేకుకు తగిలించాడు. ఇంజనీరు పొద్దున సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం అప్పగించాలి. అయ్యా ఇది నలుగురి కంటా పడకూడని వస్తువండీ అని ఇంజనీరు మొత్తుకుంటే, మరుగుదొడ్డి తాళంచెవి కూడా నలుగురి చేతిలో పడనివ్వలేదు కదా, నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా అని స్టోర్‌కీపరు నొచ్చుకున్నాడు.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. జనం రాసిందంతా సాఫ్ట్‌వేరు నుంచి అసిస్టెంటుకు పంపితే, అందులో తిట్లూ శాపనార్థాలూ ఉంటాయి. మన అల్లుడుగారి చెవిన అలాంటి మాటలు పడితే మండలి పరువేం కావాలి అని ఒక కమిటీ వేశారు. కమిటీ కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, మాటలు పంపవద్దనీ మార్కులు మాత్రమే పంపాలనీ తేల్చింది. అంటే ఫలానా వీధి ఎంత కోపంగా ఉందో అల్లుడుగారికి తెలుస్తుంది. ఎందుకు కోపంగా ఉందో తెలియదు. (ఇంజనీరు అభ్యంతరం చెప్పబోయాడు. కారణాలు తెలుసుకోవడం మొదలుపెడితే దానికి అంతూ పొంతూ ఉండదని కమిటీ అనుభవంతో చెప్పింది.)

కలిపిన మర్నాడే కిటికీ మూసేశారు. నోటితో చెప్పిన ఫిర్యాదు సాఫ్ట్‌వేరుకు వినపడదు కనుక ఇకమీదట అది ఫిర్యాదు కాదని సర్క్యులరు వచ్చింది. మూసిన చెక్కల మీద 'మీ గొంతు మాకు ముఖ్యం' అని పోస్టరు అంటించారు. గుమస్తాను మాత్రం తీసేయలేదు. మూసిన కిటికీ ఇవతలే కూర్చుని, రోజూ పొద్దున అల్లుడుగారి నివేదిక ప్రింటు తీసి పెద్దసారు బల్ల మీద పెట్టడం ఆవిడ కొత్త ఉద్యోగం.

ఆ నివేదికను బట్టే నీళ్లు. దీనికి నీటి సమన్యాయ విధానం అని పేరు పెట్టారు. కోపంగా ఉన్న వీధికి నీళ్లు తక్కువైనట్టు లెక్క. తృప్తిగా ఉన్న వీధికి కావాల్సినదానికంటే ఎక్కువే ఉన్నట్టు లెక్క. కాబట్టి తృప్తిగా ఉన్న వీధి వాల్వు కాస్త బిగించి, కోపంగా ఉన్న వీధి వాల్వు కాస్త వదలాలి. ఈ సూత్రంలో తప్పు చూపించడానికి చాలామంది వచ్చారు గానీ అప్పటికే కిటికీ మూసేశారు.

గుమస్తా కాపురం ఉండేది ఊరి చివర ఒక చిన్న వీధిలో. ఆ వీధిలో నూటికి తొంభైమంది రిటైరైనవాళ్లు. గట్టిగా దగ్గడానికి కూడా పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని ఆలోచించే మనుషులు. గుమస్తా భర్తకు పొరుగూళ్లో షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో ఉండేది ఆవిడా, అత్తగారూ, మంచం పట్టిన మావగారూ. ఆయనకు పక్షవాతం. రోజూ పొద్దున అత్తాకోడళ్లిద్దరూ కలిసి ఆయన్ని పక్కకు తిప్పి, కడిగి, తుడిచి, దుప్పటి మార్చాలి. ఆ పనికి మందుల కన్నా ముందు నీళ్లు కావాలి. ఆయనకు మాట పడిపోయింది గానీ తెలివి ఎక్కడికీ పోలేదు. సరిగ్గా కడగని రోజున తన ఒంటి వాసన తనకే తెలిసి, కోడలు గదిలోకి రాగానే మొహం గోడ వైపు తిప్పుకుంటారు. అది చూసినప్పుడల్లా ఆవిడకు, ఊరందరి ఫిర్యాదులూ రాసుకున్న మనిషి తన ఇంట్లో ఒక పెద్దాయన్ని శుభ్రంగా ఉంచలేకపోతోందే అని సిగ్గేసేది.

కుళాయి సన్నబడటం మొదలవగానే అత్తగారు రంగంలోకి దిగారు. ఆవిడ రిటైరైన తెలుగు టీచరు. ఊళ్లో సగం మందికి అర్జీ రాయడం నేర్పిన చెయ్యి. నోటితో చెబితే లాభం లేదత్తయ్యా, పోస్టు పెట్టాలని కోడలు చెప్పగానే, కళ్లజోడు సర్దుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని ఇలా రాశారు.

'గౌరవనీయులైన నీటి సరఫరా మండలి అధికారులవారి సముఖమునకు, ఈ వీధి వాసులము సవినయముగా నమస్కరించి విన్నవించుకొనునది. తమ నాయకత్వమున మండలి చేయుచున్న సేవ మిక్కిలి ప్రశంసనీయము. అయినను కొన్ని దినములుగా మా కుళాయిలలో నీరు సన్నగిల్లినది. తమ అమూల్య సమయమును హరించినందులకు మన్నింప వేడుచు, తమ దయకు ముందుగానే కృతజ్ఞతలు తెలుపుకొనుచు, ఇట్లు, తమ విధేయులు.'

వీధి వీధంతా దాన్ని చదివి శభాష్ అన్నారు. ఎదురింటి పోస్టుమాస్టరు బాబాయిగారు (ఆయనా రిటైరే) చదివి, రెండు చోట్ల 'తమరు' తగ్గిందని చేర్పించి, తనూ అలాంటిదే పెట్టారు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ పెట్టారు. సాఫ్ట్‌వేరు అన్నీ చదివింది. నమస్కారం ఉంది, ప్రశంస ఉంది, దయ ఉంది, కృతజ్ఞత ఉంది, విధేయత ఉంది. ఊరు మొత్తమ్మీద ఇంత తృప్తి ఇంకెక్కడా కనపడలేదు. మర్నాడు ఆ వీధి వాల్వు కాస్త బిగించారు.

ఆ తరంవాళ్లకు కష్టం పెరిగేకొద్దీ వినయం పెరుగుతుంది. చిన్న పనికి 'అయ్యా' అంటారు, పెద్ద ఆపదకు 'మహారాజశ్రీ' దాకా వెళ్తారు. నీళ్లు తగ్గేకొద్దీ అర్జీలు పొడుగయ్యాయి. అర్జీలు పొడుగయ్యేకొద్దీ మార్కులు పెరిగాయి. మార్కులు పెరిగేకొద్దీ వాల్వు బిగిసింది. కుళాయిలో ధార పోయి బొట్టు మిగిలిన నాటికి, మండలివారి పాదపద్మముల దాకా వచ్చేశారు.

ఇదే సమయంలో బజారు వీధివాళ్లు సుఖపడుతున్నారని ఎవరూ అనుకోకూడదు. ఆ వీధిలో ఒక టైలరు ఉన్నాడు. నోరు తెరిస్తే సెన్సారు చెయ్యాలి. అతని పోస్టుల పుణ్యమా అని బజారు వీధికి నీళ్లు దండిగా వచ్చాయి, ఆ తరవాత ఇంకా దండిగా వచ్చాయి, ఆ తరవాత దుకాణాల్లోకి వచ్చాయి. నీళ్లు ఆపండి మహాప్రభో అని వీధంతా ఏకమై బూతులు తిట్టింది. సాఫ్ట్‌వేరు ఆ కోపాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేసింది. మండలి వెంటనే స్పందించి ఇంకొంచెం నీళ్లు వదిలింది. ఇప్పుడు టైలరు మిషను బల్ల మీద పెట్టుకుని, కాళ్లు పైకి ముడుచుకుని కుడుతున్నాడు. గుమస్తా వీధివాళ్లు బిందెలు పట్టుకుని బజారు వీధి దాకా నడిచి, ఆ దుకాణాల్లోంచి నీళ్లు తోడుకుని తెచ్చుకుంటున్నారు. బజారువాళ్లు వద్దనడం లేదు. బాబ్బాబూ ఇంకో బిందె పట్టుకెళ్లండి అని బతిమాలుతున్నారు. ఆ నీళ్లు బురద నీళ్లు. నేల తుడవడానికి పనికొస్తాయి, మంచం పట్టిన మనిషి పుళ్లు కడగడానికి పనికిరావు.

గుమస్తా ముందు వాల్వు ఆపరేటరును పట్టుకుంది. అన్నా, మా వీధి కాస్త చూడమంది. అతను నీళ్లు నమిలాడు. పోయిన నెల ఒక ముసలావిడ ఏడిస్తే ఒక చుట్టు వదిలినందుకు అతనికి మెమో వచ్చింది. అందులో అభియోగం 'నివేదిక లేకుండా జాలిపడుట'. ఇంకోసారి జాలిపడితే ఇంక్రిమెంటు ఆగిపోతుంది.

ఇక లాభం లేదని, అధికారులంతా భోజనానికి వెళ్లిన సమయం చూసి, చెప్పులు బయట వదిలి అల్లుడుగారి గదిలోకి వెళ్లింది. వీధి పేరు చెప్పి, మా వీధికి నీళ్లు లేవు, నువ్వేమో తృప్తిగా ఉన్నామని రాస్తున్నావని కీబోర్డు మీద కోపంగా కొట్టింది. జవాబు వెంటనే వచ్చింది.

'మీ వీధి మార్కులు చాలా ఎక్కువగా ఉన్న మాట నిజమేనండి. కానీ అక్కడివాళ్లు ఏం రాశారో నాకు కనిపించదు, మార్కులు మాత్రమే వస్తాయి. వాటిని బట్టి కుళాయిలో నీళ్లున్నాయో లేవో నేను చెప్పలేను. ఎవరైనా ఒకసారి వెళ్లి కుళాయి తిప్పి చూస్తే మంచిది. రేపటి నివేదికలో ఈ మాట రాస్తాను.'

ఈ వ్యవహారం మొదలయ్యాక ఆ భవనంలో ఎవరైనా వెళ్లి కుళాయి తిప్పి చూడమనడం అదే మొదటిసారి. అన్న మాట ప్రకారమే మర్నాటి నివేదిక చివర ఆ వాక్యం వచ్చింది. పెద్దసారు దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, 'పరిధి దాటిన సలహా' అని పక్కన రాసి, ఇకమీదట నివేదికలో సలహాలు రాకుండా చూడమని ఇంజనీరును ఆదేశించారు. గుమస్తా ధైర్యం తెచ్చుకుని ఆయన గదిలోకే వెళ్లి ఉన్న సంగతి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు. మీరు చెప్పేది మీ ఒక్కరి అభిప్రాయమమ్మా, మా దగ్గరున్నది వీధి మొత్తం అభిప్రాయం అని సౌమ్యంగా చెప్పి పంపించేశారు.

ఇంటికొచ్చి అత్తగారి కాళ్లావేళ్లా పడింది. తిట్టండత్తయ్యా, తిడితేనే నీళ్లొస్తాయంది. ఆవిడ చురచుర చూశారు.

"ఇంతమంది పిల్లలకి మర్యాద నేర్పి, ఈ వయసులో వీధిన పడి తిట్టమంటావా అమ్మాయ్? చెప్పుకునే పద్ధతిలో చెప్పుకుంటే ఎవరో ఒకరు వింటారు."

పోస్టుమాస్టరు బాబాయిగారు కాస్త మెత్తబడ్డారు. తిట్టడం నేర్చుకుంటానన్నారు. ఒక పూటంతా వరండాలో పచార్లు చేసి, 'ఛీ' అని రాశారు. రాశాక మనసొప్పక, 'పై మాటకు క్షమించగలరు, తమవంటి పెద్దల ముందు నోరు జారితిని' అని చేర్చారు. దానికి వచ్చినన్ని మార్కులు ఆ వీధి చరిత్రలో ఏ అర్జీకీ రాలేదు.

దాంతో కథ ముదిరింది. ఊరిలోకెల్లా ఎక్కువ మార్కులు సంపాదించినందుకు మండలి ఆ వీధిని 'ఆదర్శ సంతృప్త వీధి'గా ప్రకటించింది. వీధి మొదట్లో షామియానా వేశారు, కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. పెద్దసారు జ్ఞాపిక పట్టుకుని వచ్చారు. వేదిక మీదివాళ్లకు తాగడానికి నీళ్లు సీసాల్లో వెంట తెచ్చుకున్నారు. (వీధిలో నీళ్లు లేవని తెలిసి కాదు. సభా నియమావళిలో అలా ఉంది.) తృప్తి అనేది నీళ్లలో లేదు, మనసులో ఉంది, ఆ రహస్యం ఈ వీధి పెద్దలు ఊరికి నేర్పారు అని ఆయన మాట్లాడుతుంటే గుమస్తా పళ్లు కొరుక్కుంటూ వెనకాల నిలబడింది. ఆ పొద్దున మావగారిని కడగలేదు. తడిగుడ్డతో తుడిచారు, ఆ గుడ్డ తడపడానికి కూడా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వీపు మీద పుండు పచ్చిగా ఉంది.

జ్ఞాపిక అందుకోవడానికి వీధి తరఫున అత్తగారిని పిలిచారు. ఆవిడ నెమ్మదిగా మెట్లెక్కి, జ్ఞాపిక తీసుకోకుండా మైకు ముందు నిలబడ్డారు.

"మా ఆయన వీపు మీద పుండు పడింది. కడగడానికి చెంబెడు మంచినీళ్లు లేవు. ఇన్నిసార్లు దణ్ణం పెట్టి రాశాం. మీకు చీమ కుట్టినట్టయినా లేదా బాబూ?"

బాబాయిగారు తల దించుకున్నారు. పెద్దసారు మాత్రం నిజంగానే చలించిపోయారు. చేతులు జోడించి, ఆవిడ వైపు వంగి, కొడుకులాగా నచ్చజెప్పారు.

"అమ్మా, ఇంత కష్టం ఉందని ఇలా నోటితో చెబితే మాకెలా తెలుస్తుందమ్మా?"

ఆ రోజు అత్తగారు అన్నం ముట్టలేదు. మర్నాడు కోడలు బయల్దేరుతుంటే చీర మార్చుకుని, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మావయ్య దగ్గర కాసేపు బాబాయిగారు కూర్చుంటారులే, పద అన్నారు. పెద్దసారును చూడాలని ఆవిడ ఆశ. వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. ఫిర్యాదైతే ఫోనులో పెట్టుకోమ్మా, ఇక్కడే నిలబడి పెట్టుకో, ఎవరూ ఏమనరు అని మూసిన కిటికీ కింద బల్ల చూపించాడు. ఆవిడ బల్ల మీద కూర్చుని ఫోను తీశారు. గుమస్తా పక్కన నిలబడింది.

"సంబోధన అక్కర్లేదా?" అని అడిగారు అత్తగారు.

"వద్దత్తయ్యా."

ఆవిడ రాశారు. 'మీరు మనుషులేనా. మా ఇంట్లో మంచం మీద మనిషి కుళ్లిపోతున్నాడు. నీళ్లివ్వడం చేతకాకపోతే ఉద్యోగాలు మానుకుని ఇళ్లకు పోండి.' చివర అలవాటుగా 'ఇట్లు' అని మొదలుపెట్టి, దాన్ని చెరిపేశారు. గుమస్తాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. నన్ను క్షమించండత్తయ్యా అని మనసులో అనుకుంది గానీ, ఇక రేపు పొద్దున కుళాయి వస్తుందన్న ఆశ దాన్ని మించి ఉంది. సాయంత్రం ఇంటికెళ్లి బకెట్లన్నీ తోమి, కుళాయి కింద వరసగా పెట్టింది.

మర్నాడు నివేదిక ప్రింటు తీస్తూ మొదటి వరస చదివింది. ఊరు మొత్తమ్మీద అత్యంత కోపంగా ఉన్న చోటు అని ఉంది. ఆ పక్కన చోటు పేరు, నీటి సరఫరా మండలి ప్రధాన కార్యాలయం. ఆవిడ ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది. ఫోను ఎక్కడుండగా పోస్టు పెడితే ఆ కోపం ఆ చోటి ఖాతాలోకే వెళ్తుందని అతను నొచ్చుకుంటూ చెప్పాడు. మనిషి ఇల్లెక్కడో ఒకసారి కనుక్కోండి అని అల్లుడుగారు రాసి ఉండేవారేమో గానీ, సలహాలు తీసేశారు కదా.

విధానం విధానమే. సొంత ఆఫీసని పక్షపాతం చూపించకూడదు, అలాగని వివక్షా చూపించకూడదు అన్నారు పెద్దసారు. వాల్వు ఆపరేటరు వెళ్లి కార్యాలయం వైపు వాల్వు పూర్తిగా వదిలాడు. గంట తిరక్కుండా మేడ మీద ట్యాంకు నిండింది, పొంగింది, మెట్ల మీదుగా ధార కట్టి ముంగిట్లోకి దిగింది. అంత మంచి నీళ్లు కళ్లెదుట కాలవలో పోతుంటే పెద్దసారు ప్రాణం ఉసూరుమంది. ఒక్క బొట్టు కూడా వృథా కావడానికి వీల్లేదని గట్టిగా ఆదేశించారు. వెంటనే ఆయన కారును బయటికి తీసి, పైనా కిందా, లోపలా బయటా, ఏ మూలా వాసన అన్నది లేకుండా, మెత్తటి గుడ్డతో జాగ్రత్తగా కడిగారు.